కొండదారిలో గడిపిన రోజును నలుగురితో పంచుకోవడం ఎలా: అహోబిలం నడక ఆధారంగా ఒక సమగ్ర మార్గదర్శి

కొండ ఎక్కి దిగివచ్చినవారు చెప్పే మాటలు ఎక్కువగా రెండు రకాలుగా ఉంటాయి. “అబ్బ, ఎంత బాగుందో” అనేది ఒకటి, “అమ్మో, ప్రాణాలు పోయాయి” అనేది మరొకటి. రెండూ నిజాలే కావచ్చు. అయితే వచ్చే ఆదివారం తల్లినో పిల్లలనో వెంటబెట్టుకుని అదే కొండకు బయలుదేరాలనుకునేవారికి ఆ రెండింటిలో ఏదీ అక్కరకు రాదు. వారు తెలుసుకోవాలనుకునేవి వేరు: మంచినీళ్ళు ఎక్కడిదాకా దొరుకుతాయి, దారి ఎక్కడ చీలుతుంది, మెట్లు ఎక్కడ ఆగిపోతాయి, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి.

ఇవన్నీ ఇంటికి వచ్చాక గుర్తు చేసుకుని రాద్దామంటే కుదరదు. కొండ మీద గడిపిన రోజును బాగా పంచుకోవాలంటే ఆ పని ముందురోజు సాయంత్రమే మొదలవ్వాలి. అందుకే ఇందులో సగం నడక గురించి, సగం దాన్ని చెప్పడం గురించి ఉంటుంది. ఉదాహరణగా నల్లమలలోని ఎగువ అహోబిలం దారిని తీసుకుంటున్నాను. తెలుగువారిలో చాలామందికి తెలిసిన చోటు. భక్తులూ, కేవలం నడక మీది ఇష్టంతో వచ్చేవారూ ఒకే బాట పట్టే చోటు. పైగా కట్టిన మెట్లు, వాగు, బండరాళ్ళు, నిటారు అడవి బాట అన్నీ ఒక్క రోజులోనే ఎదురవుతాయి.

1. ఒక్క దారిని ఎంచుకోండి

అహోబిలంలో నరసింహస్వామి కోవెలలు తొమ్మిది. తొమ్మిదింటినీ ఒకే రోజులో చూసి రావాలనే పట్టుదల చాలామందిలో కనిపిస్తుంది. మొక్కు ఉంటే అది వేరే విషయం. నడకను ఆస్వాదించాలన్నా, తర్వాత దాని గురించి నాలుగు మాటలు చెప్పాలన్నా ఈ హడావుడి పనికిరాదు. జీపులో కొంత, నడిచి కొంత, పరుగెత్తి కొంత తిరిగినవారికి సాయంత్రానికి ఏ గుడి ఏ కొండ మీద ఉందో కూడా కలగాపులగమైపోతుంది.

ఒక రోజుకు ఒక దారి చాలు. ఎగువ అహోబిలం గుడి దగ్గర మొదలుపెట్టి, భవనాశిని వాగు వెంట వరాహ నరసింహుని (క్రోడ నరసింహుడని కూడా అంటారు) గుడి మీదుగా జ్వాలా నరసింహుని గుహ దాకా వెళ్ళడం మొదటి భాగం. ఓపిక, వేళ రెండూ మిగిలితే ఉగ్రస్తంభం అనే శిఖరం రెండో భాగం. మాలోల నరసింహుని గుడికీ, ప్రహ్లాద బడి అనే రాతి చరియకూ దారి వేరుగా చీలుతుంది. దాన్ని మరో రోజుకు ఉంచుకోవడం మంచిది. జ్వాలా నరసింహం దాకా చాలాచోట్ల మెట్లు, స్పష్టమైన బాట, తోడుగా భక్తులు ఉంటారు. ఉగ్రస్తంభం వైపు మెట్లు ఉండవు. వేళ్ళనూ రాళ్ళనూ పట్టుకుని ఎక్కే నిటారు బాట అది. రెండు భాగాలనూ కలిపి “ఉగ్రస్తంభం వెళ్ళొచ్చాం, సులువే” అని ఒక్క ముక్కలో చెప్పేవారి వల్లే పెద్దవాళ్ళు సగం దారిలో చిక్కుకుంటారు.

నెలను బట్టి దారి మారిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు అనువైన కాలం. వానల తర్వాత కొన్ని వారాలు వాగులో నీరు ఉంటుంది, జ్వాలా నరసింహుని గుహ ముందు చరియ మీది నుంచి ధార పడుతుంది, రాళ్ళు పాచి పట్టి జారుతాయి. మార్చి దాటితే రాయలసీమ ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. భారీ వానలు పడే రోజుల్లో వాగు పొంగితే అవతలి గట్టున ఉన్నవారు అక్కడే ఆగిపోవాలి. వర్షం మీరున్నచోట పడకపోయినా పైకొండల్లో పడితే చాలు. కాబట్టి బయలుదేరేముందు గుడి దగ్గరి దుకాణాల్లోనో, డోలీ మోసేవారినో రెండు ప్రశ్నలు అడగండి: “నిన్న పైన వాన పడిందా?”, “ఉగ్రస్తంభం దారిలో ఎవరైనా వెళుతున్నారా?” అటవీశాఖ వారు ఆ రోజు ఏ దారిలోకి అనుమతిస్తున్నారో కూడా అక్కడే తెలుస్తుంది. మధ్యాహ్నం గుడి తలుపులు మూసే వేళ కూడా కనుక్కోండి. దర్శనం కూడా చేసుకోవాలనుకునేవారికి రోజంతటి ప్రణాళిక దీని మీదే ఆధారపడుతుంది.

2. కాలాన్ని ముందే లెక్కగట్టండి

కొండదారిలో దూరం కన్నా ఎత్తు ముఖ్యం. స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో ఒక సులువైన లెక్క చెప్పాడు. నేటి కొలతల్లో చెప్పాలంటే, ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దాని మీద ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. పోనురాను 10 కిలోమీటర్లు, ఎక్కుడు 450 మీటర్లు అనుకుందాం. దూరానికి రెండు గంటలు, ఎత్తుకు 45 నిమిషాలు, వెరసి రెండు గంటల ముప్పావు.

ఈ లెక్క చల్లని దేశంలో అలవాటున్న కాళ్ళ కోసం వేసింది. మన ఎండలో, బండల మీద, ఇంటిల్లిపాదితో కలిసి నడిచేటప్పుడు దాన్ని రెట్టింపు చేసుకోవాలి. అంటే పై ఉదాహరణకు అయిదున్నర గంటలు. దర్శనాలు, భోజనం, ఫోటోలు వీటికి అదనం. ఏడింటికి బయలుదేరితే మధ్యాహ్నం రెండు దాటుతుంది. శీతకాలంలో సూర్యాస్తమయం అయిదూ ముప్పావు ప్రాంతంలో అవుతుంది కదా అని ధీమా పడవద్దు. భవనాశిని లోయలాంటి చోట్ల రెండువైపులా కొండలు లేచి ఉంటాయి కాబట్టి చీకటి అంతకన్నా ముందే దిగుతుంది.

దీన్ని బట్టి వెనుదిరిగే వేళను నిర్ణయించి, ముందురోజు రాత్రే అందరికీ చెప్పండి. “పన్నెండున్నరకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కి” అని. శిఖరం అరగంట దూరంలో కనబడుతున్నప్పుడు ఈ నియమాన్ని కొత్తగా పెడితే ఎవరూ వినరు.

ఎంత కష్టమో చెప్పడానికి మనకు మరో కొలబద్ద ఉంది, తిరుమల. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550. తెలుగునాట ఈ రెండింటిలో ఒకటైనా ఎక్కని ఇల్లు అరుదు. కాబట్టి ‘కాస్త కష్టం’, ‘మోస్తరు’ వంటి మాటల కన్నా “శ్రీవారి మెట్టును మధ్యలో రెండు మూడుసార్లు ఆగి ఎక్కగలిగినవారు జ్వాలా నరసింహం దాకా రాగలరు, అలిపిరి దారిలోని మోకాళ్ళ పర్వతం దగ్గర చేతులెత్తేసినవారు వరాహ నరసింహం దగ్గర ఆగడం మేలు” అంటే వినేవారికి వెంటనే బోధపడుతుంది. బృందంలోకి ఎవరిని పిలవాలో తేల్చుకోవడానికీ ఇదే ప్రశ్న అడగండి. “నడవగలరా?” అంటే అందరూ నడవగలమనే అంటారు. “ఈమధ్య తిరుమల నడిచి ఎక్కారా, ఎంతసేపు పట్టింది?” అంటే నిజం బయటపడుతుంది.

3. సంచిలో ఏముండాలి

దీని గురించి ఎక్కువ చెప్పను. మనిషికి కనీసం రెండు మూడు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పట్టున్న అడుగు ఉన్న బూట్లు, టార్చిలైటు, ఒక జత ఎక్కువ సాక్సులు, ఈల. తినడానికి పులిహోర ఆగుతుంది, దద్దోజనం ఎండకు పులుస్తుంది. వేరుశనగ చిక్కీలు, ఖర్జూరాలు జేబులోనే ఉంచుకోండి. కోతులు సంచిని లాక్కుంటాయి, జేబు జోలికి అంతగా రావు. కొండ కింద అమ్మే ఊతకర్రను చిన్నచూపు చూడకండి. దిగేటప్పుడు మోకాళ్ళ భారం కొంత అదే మోస్తుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం వివరంగా చెప్పాలి. నల్లమల చరియల మీద కొండ తేనెటీగలు పెద్ద పెద్ద పట్లు పెడతాయి. చెంచులు తరతరాలుగా తాళ్ళ మీద దిగి ఆ తేనె తీస్తున్నారు. ఘాటైన సెంటు, పొగ, అరుపులు, రాళ్ళు విసరడం వాటిని రెచ్చగొడతాయి. పట్టు కనబడితే గొంతు తగ్గించి, ఆగకుండా దాటిపోవాలి. రెండోది పాములు. కాటు పడితే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. ఉంగరాలు, గాజులు, గడియారం తీసేసి, కాటు పడిన అవయవం కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని కిందికి తేవాలి. సిగ్నల్ దొరికిన చోటి నుంచి 108కి ఫోను చేయాలి. కొండ మీద సిగ్నల్ ఉండదనే అనుకుని, మీరు వెళ్ళే దారి, తిరిగివచ్చే వేళ కిందనున్న ఒకరికి చెప్పి బయలుదేరండి.

పిల్లలను ఎప్పుడూ వరుస మధ్యలో నడిపించండి. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఒక చిన్నారిని చిరుత పొట్టనపెట్టుకున్న తర్వాత తిరుమల దారుల్లో పిల్లలతో నడిచేవారికి వేళల నిబంధనలు వచ్చాయి. అక్కడికన్నా జనసంచారం తక్కువగా ఉండే నల్లమలలో ఆ జాగ్రత్తను ఎవరూ చెప్పకపోయినా పాటించాలి.

4. నడుస్తూనే నమోదు చేయండి

అసలు పని ఇక్కడే ఉంది. మరునాడు మీకు గుర్తుండేవి శిఖరం, జలపాతం, ఎవరో జారిపడ్డ చోటు. వెళ్ళబోయేవారికి కావలసినవి మాత్రం ఎవరికీ గుర్తుండని చిన్న చిన్న చోట్లు. వాటిని పట్టుకోవడానికి మూడు పనిముట్లు చాలు: జేబులో పట్టే నోటుపుస్తకం, పెన్సిలు, ఫోను. పెన్నైతే చెమటకు, వాగు నీటికి అక్షరాలు అలికిపోతాయి.

దారి స్వభావం మారిన ప్రతిచోటా ఒక్క వరుస రాయండి. అంతకుమించి వద్దు. వేళ, చోటు, ఏమి మారింది. ‘7.35, వరాహ, నీళ్ళు నింపుకున్నాం.’ ‘8.10, మెట్లు మొదలు.’ ‘8.50, నీడ అయిపోయింది.’ ఈ ‘నీడ అయిపోయింది’ వంటి మాట విలువ ఎండాకాలం నడిచినవారికి తెలుస్తుంది. ప్రకృతి వర్ణనతో నిండిన పేజీ మొత్తం కలిసినా దానికి సాటిరాదు.

చీలికల దగ్గర తప్పనిసరిగా ఆగండి. ఎటు వెళ్ళామో రాయడం ఒక్కటే చాలదు. ఎటు వెళ్ళకూడదో, ఆ తప్పు దారి ఎందుకు సరైన దారిలా కనబడుతుందో కూడా రాయాలి. అడవిలో పశువుల బాటలు, తేనె తీసేవారి బాటలు, వానాకాలపు నీటి చాళ్ళు అన్నీ కాలిబాటల్లాగే ఉంటాయి. “కుడివైపు బాట వెడల్పుగా ఉంది, కాని వాగులోకి దిగి ఆగిపోతుంది” అనే ఒక్క వాక్యం మరో కుటుంబానికి గంట ఆదా చేస్తుంది.

వెనక్కి తిరిగి చూడటం కూడా అలవాటు చేసుకోండి. దిగేటప్పుడు దారి మరో దారిలా కనిపిస్తుంది. ఎక్కేటప్పుడు గుర్తుపట్టిన బండ దిగేటప్పుడు వేరే ముఖం చూపిస్తుంది. దారి తప్పేవారిలో చాలామంది దిగేటప్పుడే తప్పుతారు, ఎందుకంటే అప్పుడు అలసట, ఆకలి, ధీమా మూడూ కలిసి ఉంటాయి. కాబట్టి మీ పుస్తకంలో దిగే దారికి వేరే పేజీ పెట్టండి.

పేర్లను స్థానికుల నోటి నుంచే తీసుకోండి. ఒక బండకు, మలుపుకు, చెలమకు అక్కడివారు పెట్టుకున్న పేరు ఉంటుంది. మీరు ‘మొదటి పెద్ద రాయి’ అని రాస్తే అది మీకు మాత్రమే అర్థమవుతుంది; వారి పేరుతో రాస్తే వెళ్ళినవారు దారిలో ఎవరినైనా అడిగి తెలుసుకోగలరు. అడవిలో నివసించేవారి ఎరుక ఎంత గట్టిదో చెప్పడానికి కలివికోడి ఉదంతం చాలు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్ళీ కనిపించింది. పక్షి శాస్త్రవేత్తలకు దాని జాడ అందడంలో ఆ పరిసరాల్లోని పల్లెవాసుల తోడ్పాటు ఉంది.

ఫోనులో దారిని నమోదు చేసే యాప్ ఒకటి పెట్టుకోండి. ఇంటి దగ్గరే ఆ ప్రాంతపు పటాన్ని దించుకుంటే సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో ఉంచితే బ్యాటరీ చాలాసేపు నిలుస్తుంది. చాలా ఫోన్లలో ఆ స్థితిలోనూ జీపీఎస్ ఆగదు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాలు దొరికితే ఒకటి కాగితం మీద అచ్చు వేసి తీసుకెళ్ళండి. కాగితానికి చార్జింగు అక్కరలేదు.

మాటలను కూడా నమోదు చేయవచ్చు. జ్వాలా నరసింహుని ధార కింద తడిసిన అత్తయ్య ఆ క్షణంలో అన్న మాట సాయంత్రానికి మారిపోతుంది. విశ్రాంతికి ఆగినచోట ఒక నిమిషం ఆడియో రికార్డు చేసి పెట్టుకోండి. వాగు శబ్దం, ఆయాసం, నవ్వు అన్నీ అందులోకి వస్తాయి. వీడియో కన్నా ఇది హాయి. కెమెరా ఎదుట బిగుసుకుపోయేవారు కూడా మామూలుగా మాట్లాడతారు.

5. ఫోటోలు: తక్కువ తీయండి, పనికొచ్చేవి తీయండి

శిఖరం ఫోటో అందరి దగ్గరా ఉంటుంది. మీరు తీయవలసినవి నాలుగు రకాలు. దారి చీలిన చోట రెండు బాటలూ కనబడేలా ఒకటి. కష్టమైన చోట మనిషిని నిలబెట్టి ఒకటి, ఎందుకంటే పక్కన మనిషి లేకపోతే మూడడుగుల బండ, పదడుగుల బండ ఒకేలా కనబడతాయి. వేళలు, హెచ్చరికలు రాసిన బోర్డులకు ఒకటి. చివరిగా, వెనకబడి నడిచేవారి ఫోటోలు. ముందు నడిచేవారే ఎప్పుడూ కెమెరా పట్టుకోవడం వల్ల అందరి కుటుంబ ఫోటోల్లోనూ వెనక నడిచే తండ్రి, నీళ్ళ సంచి మోసిన తమ్ముడు కనబడరు. కెమెరాను మధ్యలో చేతులు మార్చండి.

నిటారుదనం ఫోటోలో ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంది. కింది నుంచి పైకి తీస్తే ఎక్కుడు చదునైపోతుంది. పక్క నుంచి, చెట్ల నిలువు కూడా వచ్చేలా తీస్తే వాలు తెలుస్తుంది. ఉగ్రస్తంభం వంటి చోట అంచు దగ్గర నిలబడి సెల్ఫీ తీసుకోవడం గురించి ఒక్క మాట: వద్దు. మీ ఫోటో చూసి రేపు పదహారేళ్ళ కుర్రాడు అక్కడే నిలబడతాడు.

6. ఆ రాత్రే రాయండి

ఒళ్ళునొప్పులు ఉంటాయి, నిద్ర ముంచుకొస్తుంది, అయినా పడుకునేముందు అరగంట కూర్చోండి. నోటుపుస్తకంలోని పొడి మాటలు ఆ రాత్రి వరకే ప్రాణంతో ఉంటాయి. మరునాటికి ‘8.50, నీడ’ అంటే ఏమిటో మీకే తెలియదు.

ఎలా రాయకూడదో మొదట చూద్దాం: “ఉదయాన్నే బయలుదేరాం. చుట్టూ పచ్చని ప్రకృతి, చల్లని గాలి. కష్టపడి పైకి చేరుకున్నాం. అక్కడి దృశ్యం చూసి అలసటంతా మాయమైంది.” ఇది ఏ కొండ గురించైనా రాయవచ్చు. వెళ్ళకుండా కూడా రాయవచ్చు.

అదే రోజును ఇలా రాయవచ్చు. ఇందులోని వేళలు నమూనాకు వేసినవే:

“డిసెంబరు రెండో వారం. అయిదుగురం, అందులో మోకాళ్ళ నొప్పి ఉన్న మా పెద్దమ్మ ఒకరు. 6.50కి ఎగువ గుడి దగ్గర కదిలాం. వరాహ నరసింహం దాకా వాగు పక్కనే దారి, నీడ ఉంది, 40 నిమిషాలు. పెద్దమ్మ ఇక్కడిదాకా సులువుగా వచ్చింది. తర్వాత మెట్లు. వాటి ఎత్తు ఒకేలా లేదు, కొన్ని మోకాలెత్తు. జ్వాలా నరసింహం చేరేసరికి 9.30. ధార సన్నగా పడుతోంది, దాని కింద రాయి బాగా జారుతోంది, చెప్పులు విప్పి పట్టుకుని దాటాం. పెద్దమ్మ, అన్నయ్య అక్కడే ఆగిపోయారు. మేం ముగ్గురం ఉగ్రస్తంభం వైపు వెళ్ళి, 12.30 అయ్యేసరికి ఇంకా కాస్త మిగిలి ఉండగానే వెనుదిరిగాం. దిగేటప్పుడు ఎక్కిన దానికన్నా ఎక్కువసేపు పట్టింది.”

ఇందులో విశేషణాలు దాదాపు లేవు. అయినా పెద్దమ్మ ఎక్కడ ఆగిందో తెలిసింది, ఎక్కడ జారుతుందో తెలిసింది, పైకి చేరకుండా తిరిగి రావడం తలవంపు కాదని కూడా తెలిసింది. ఆఖరిది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. వెనుదిరిగినవారు తమ కథ చెప్పుకోరు, చేరినవారే చెప్పుకుంటారు. దాంతో ప్రతి కొండా అందరూ చేరగలిగినదే అనే భ్రమ పెరుగుతుంది.

ఖర్చులు రాయండి, కాని వాటి పక్కన నెల, సంవత్సరం తప్పక వేయండి. డోలీ ధర, జీపు బాడుగ, కర్ర ధర తేదీ లేకుండా రాస్తే రెండేళ్ళకు అవే తగాదాలకు కారణమవుతాయి. “ఇంటర్నెట్‌లో ఇంతే ఉంది” అని డోలీ మోసే మనిషితో వాదించేవారిని ఏ కొండ కిందనైనా చూడవచ్చు.

భక్తి విషయంలో ఒక సూచన. స్థలపురాణాన్ని స్థలపురాణంగానే చెప్పండి. ఉగ్రస్తంభం చీలికలోంచి స్వామి వెలిశాడని ఇక్కడివారు నమ్ముతారు; భవనాశిని ఒడ్డున ఆ మాట వింటూ నడవడం వేరే అనుభవం. దాన్ని ఎగతాళి చేసే రాతా, దారి వివరం మింగేసేంత పారవశ్యపు రాతా రెండూ చదివేవారికి అడ్డమే.

7. అంకెలను నమ్మేముందు

యాప్ చూపించే దూరం, ఎత్తు చాలామంది యథాతథంగా రాసేస్తారు. రెండింటిలోనూ తిరకాసు ఉంది.

ఇరుకు లోయల్లో ఉపగ్రహ సంకేతాలు నేరుగా అందవు, రాతి గోడలకు తగిలి వస్తాయి. అందువల్ల మీరు ఒకచోట కూర్చుని పులిహోర తింటున్నా యాప్ పటం మీద గీసే మీ దారి గీత అటూ ఇటూ గంతులు వేస్తుంది. ఆ గంతులన్నీ దూరంలో కలుస్తాయి. ఆగినప్పుడు నమోదును కూడా ఆపండి, ఇంటికి వచ్చాక గీతలోని చిక్కుముళ్ళను చెరిపేయండి.

ఎత్తు సంగతి ఇంకా చిత్రం. జీపీఎస్ లెక్కగట్టే ఎత్తు భూమికి గణితంతో గీసిన నున్నటి ఆకారం మీది నుంచి వచ్చేది. నిజమైన సముద్రమట్టం దక్షిణ భారతంలో ఆ ఆకారానికి 80 మీటర్ల అటూ ఇటూ కిందికి కుంగి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఈ కుంగు 106 మీటర్ల దాకా ఉంది. ప్రపంచంలో మరెక్కడా ఇంత లేదు. కొన్ని యాప్‌లు ఈ తేడాను సరిచేసి చూపిస్తాయి, కొన్ని చేయవు. సముద్రపు ఒడ్డున నిలబడ్డా కొన్ని ఫోన్లు మైనస్ అంకె చూపించడానికి కారణం ఇదే. కాబట్టి “శిఖరం ఎత్తు ఇంత” అని రాయడం కన్నా, ఒకే యాప్‌తో తీసిన కింది ఎత్తుకూ పై ఎత్తుకూ మధ్య తేడాను రాయండి. ఆ తేడాలో ఈ దోషం కొట్టుకుపోతుంది. నడిచేవారికి కావలసింది కూడా అదే.

8. చెప్పకూడనివి

అన్నీ చెప్పేయాలనే ఉత్సాహం మంచిదే. కొన్నింటి దగ్గర మాత్రం నోరు కట్టేసుకోవాలి.

పాడుబడిన గుళ్ళు, అడవిలో ఒంటరిగా ఉన్న విగ్రహాలు, పాత మండపాలు కనబడితే వాటి కచ్చితమైన చోటు బయటపెట్టవద్దు. గుప్తనిధుల కోసం గుళ్ళను తవ్వి పాడుచేసే ముఠాల వార్తలు రాయలసీమ పత్రికల్లో కొత్తవి కావు. మీరు ప్రేమతో పెట్టిన పటం గుర్తు వారికి దారి చూపిస్తుంది. అరుదైన మొక్కలకు, పక్షిగూళ్ళకు, ఎర్రచందనం చెట్లకు ఇదే వర్తిస్తుంది. మామూలు యాత్రికుల బాట దాటి ఉన్న నీటి చెలమల విషయం కూడా రాయవద్దు. ఎండాకాలంలో అవి జంతువుల కోసం మిగిలిన నీళ్ళు.

ఫోటోలో కూడా చోటు దాగి ఉంటుంది. చాలా ఫోన్లు ఫోటోతోపాటు అక్షాంశ రేఖాంశాలను దాచిపెడతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరం తొలగిపోతుంది, అదే ఫోటోను డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళుతుంది. కెమెరా సెట్టింగుల్లో స్థలం నమోదును ఆపేయడం అన్నిటికన్నా సులువు.

మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త. చెంచుల ఫోటో తీయాలంటే అడగండి, వద్దంటే మానేయండి. పిల్లల ఫోటోలు అసలే వద్దు. దారి చూపిన మనిషి ఫోను నంబరు నలుగురికీ ఇవ్వాలనుకుంటే ఆయననే అడిగి ఇవ్వండి. ఆయనకు అది జీవనోపాధి కావచ్చు, తలనొప్పీ కావచ్చు. మీ బృందంలో ఎవరైనా ఏడ్చినా, వాంతి చేసుకున్నా, భయపడినా వారి అనుమతి లేకుండా ఆ సంగతిని హాస్యం చేయకండి. వారు మళ్ళీ మీతో కొండకు రారు.

ప్రహ్లాద బడి దగ్గర రాతి మీది గీతలను ప్రహ్లాదుడు దిద్దిన అక్షరాలుగా చెబుతారు. వాటి పక్కన తన పేరు చెక్కుకుని ఆ ఫోటోను పంచుకునే మనిషి మీ బృందంలో ఉంటే, ఆ పని అక్కడే ఆపించండి.

9. ఎవరికి ఏది

ఒకే కథనం అందరికీ సరిపోదు. ఇంట్లో వారికి ఫోటోలు, మాటలు కావాలి. వెళ్ళబోయేవారికి దారి వివరం కావాలి. ఆ రోజు మీతో నడిచినవారికి అన్నీ కావాలి.

ఇంట్లో వారిని ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఇరవైకి మించకుండా ఫోటోలు వరుసగా చూపిస్తూ చెప్పండి. కొండ ఎక్కలేని నాయనమ్మకు ఇదే యాత్ర. ఆమె అడిగే ప్రశ్నలను గమనించండి: “నీళ్ళెక్కడ తాగారు? పిల్లాణ్ణి ఎవరు ఎత్తుకున్నారు? చెప్పులు ఎక్కడ పెట్టారు?” మీ కథనంలో దొర్లిన ఖాళీలు ఆ ప్రశ్నలతోనే బయటపడతాయి. వాటిని రాతలో చేర్చండి.

వెళ్ళబోయేవారికి ఇచ్చే కథనంలో పైన అయిదు వరుసలు ముందుగా ఉండాలి: ఏ నెలలో వెళ్ళారు, మొత్తం ఎంతసేపు, ఆఖరి మంచినీళ్ళు ఎక్కడ, మెట్లు ఎక్కడ ఆగుతాయి, ఎవరు ఎక్కడ ఆగిపోవడం మంచిది. కథంతా వీటి తర్వాతే. కొండ కింద బస్సు దిగి హడావుడిలో చదివేవారు ఆ అయిదు వరుసలే చదువుతారు. దారి గీతను జీపీఎక్స్ (జీపీఎస్ దారులను దాచే ఒక ఫైలు రకం) ఫైలుగా ఇస్తే దారి చూపే యాప్‌లలో చాలావాటిలో తెరుచుకుంటుంది. మీ ఇంటి నుంచి మొదలైన భాగాన్ని మాత్రం కత్తిరించి ఇవ్వండి.

మీతో నడిచినవారికి అన్ని ఫోటోలూ ఒకచోట పెట్టి, ఎవరికి వారు తమకు గుర్తున్న వేళలనూ చోట్లనూ సరిదిద్దే వీలు ఇవ్వండి. ఒకే మలుపును ఇద్దరు రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటే రెండింటినీ ఉంచండి, వెళ్ళినవారు తేల్చుకుంటారు.

పంచుకున్న తర్వాత కూడా కొంత పని ఉంటుంది. వానాకాలం గడిచాక ఆ దారిన వెళ్ళినవారు మెట్లు కొట్టుకుపోయాయనో, కొత్తగా కంచె వేశారనో, అటవీశాఖ ఒక బాటను మూసేసిందనో చెబితే, మీ పాత కథనాన్ని చెరపకుండా దాని నెత్తిన తేదీతో ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం చేర్చే ఓపిక లేకపోతే కనీసం మొదటి వరుసలోనే మీరు వెళ్ళిన నెల, సంవత్సరం పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి.